జాబితా వడపోత

అంతర్జాలమున దీర్ఘమైన జాబితాపై నొక చిన్న గడి కనఁబడును. దానిని నొక్కినచో ఎంపికలు క్రిందికి జాఱును. ఇట్టి గడి 1995వ సంవత్సరపు హెచ్.టి.ఎమ్.ఎల్. రెండవ ప్రమాణమునందే కలదు. మనమొక జిల్లాను ఎన్నుకొనఁగా, కంప్యూటరు ప్రతి వరుసను దానితో సరిపోల్చి, కలసినవానినే చూపును. తక్కినవి మఱుగగునే గాని చెఱిగిపోవు.

అయినను అది అక్షరములనే పోల్చును, అర్థమును గ్రహింపదు. 2022లో ఆంధ్రప్రదేశమునందు 13 జిల్లాలు 26 అయ్యెను. తూర్పుగోదావరిలోని అమలాపురము కోనసీమ జిల్లాలోఁ జేరెను. ఉపకారవేతనపు జాబితాలో ఆ యూరి బాలికకుఁ బాత జిల్లా పేరే నిలిచియున్నచో, "కోనసీమ"ను ఎన్నుకొనినపుడు ఆమె పేరు కానరాదు. తనకు రాలేదని తలంచి యామె ఊరకుండిన, వేతనము చేజాఱును.

కావున పేరు కనఁబడనిచో నిరాశపడక, "అన్నియు" అనుదానిని ఎన్నుకొని, మొదటినుండి మరల వెదకవలెను.