తాపీ చేతికొచ్చే దాకా

ఇళ్ళు కట్టే పనుల్లోకి దిగాలనుకునే భట్టిప్రోలు కుర్రాడు ముందు ఊళ్ళోని స్తూపం దగ్గరికి ఒకసారి వెళ్ళి ఆ ఇటుకలు చూసి రావాలి. విక్రమార్క కోట దిబ్బ అని పేరుపడ్డ ఆ చోట ఒక్కో ఇటుక సుమారు 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 8 మందం. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నల్లరేగడిలో రెండువేల ఏళ్ళ నాటి కట్టుబడి అది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో దొరికిన ధాతు కరండాల శాసనాల్లో కుబేరకుడనే రాజు పేరుంది, గోష్ఠి అనే సంఘంలోని వాళ్ళ పేర్లున్నాయి. ఇటుక మోసినవాళ్ళ పేర్లు లేవు. పని చేతికి రావాలి, పేరు కాగితం మీదికి ఎక్కాలి. కొత్తగా దిగేవాళ్ళకు నేను పదేపదే చెప్పేది ఈ రెండే.

ఊళ్ళో ఏడాది పొడుగునా పని దొరకదు. ఇటు రేపల్లె, అటు తెనాలి, మధ్యన రైలుంది. పొద్దున్నే అడ్డా మీద నిలబడితే రోజుకో మేస్త్రీ, రోజుకో ఇల్లు. సాయంత్రానికి కూలి చేతికొస్తుంది, పని మాత్రం రాదు. నిన్న మీరు ఎంత బాగా మాలు కలిపారో ఇవాళ్టి మేస్త్రీకి తెలియదు కదా. అందుకే రోజుకూలి కాస్త తక్కువైనా ఒకే మేస్త్రీ దగ్గర కనీసం ఆరు నెలలు ఉండండి. ఎవరి దగ్గర చేరాలన్నది ఆయన మాటలు విని తేల్చుకోవద్దు. ఆయన కట్టిన గోడ చూడండి. నాలుగైదు వరసలకోసారి తూకం గుండు వేలాడదీస్తున్నాడా? తడపని ఇటుక అందిస్తే వెనక్కి పంపుతున్నాడా? ఆయన దగ్గర మానేసినవాళ్ళను వారం డబ్బులు సరిగ్గా ఇచ్చేవాడా అని అడగండి. పెద్ద మొత్తం అడ్వాన్సుగా తీసుకోకండి. తీసుకున్నవాడు ఆ బాకీ తీరేదాకా మేస్త్రీ మార్చలేడు, కూలి పెంచమని నోరు తెరవలేడు.

మొదట్లో చేతికొచ్చేవి తట్ట, పార. వాటితోనే నేర్చుకోవాల్సింది చాలా ఉంది. ఇటుక కట్టుబడికి సిమెంటు ఒక పాలు, ఇసుక ఆరు పాళ్ళు. స్లాబు అడుగు పూతకు ఒకటికి నాలుగు. ఈ లెక్క అందరికీ తెలిసిందే. తెలియనిదేమిటంటే, చెమ్మగా ఉన్న ఇసుక ఉబ్బుతుంది. పావు వంతు దాకా ఎక్కువగా కనిపిస్తుంది. పొడి ఇసుకకు సరిపోయిన తట్టల లెక్క చెమ్మ ఇసుకకు సరిపోదు, ఇసుక తగ్గిపోతుంది. మాలు కలిపి నీళ్ళు పోశాక అరగంటలో వాడేయాలి. గట్టిపడ్డదానిలో మళ్ళీ నీళ్ళు పోసి తిప్పితే మెత్తబడుతుంది గానీ బలం రాదు. నీళ్ళ సంగతి మన వైపు మరీ ముఖ్యం. సముద్రం వైపు వెళ్ళేకొద్దీ బోరు నీళ్ళు ఉప్పు తగులుతాయి. ఆ నీళ్ళతో స్లాబు వేస్తే లోపలి ఇనుము తుప్పు పట్టి, కొన్నేళ్ళకు పెచ్చులూడుతుంది. నోట్లో వేసుకుని చూసి, "మేస్త్రీగారూ, ఈ నీళ్ళు ఉప్పగా ఉన్నాయి" అని చెప్పిన కూలీని ఏ మంచి మేస్త్రీ మరిచిపోడు.

తాపీ ఎవరూ పిలిచి ఇవ్వరు, మీరే అడగాలి. ఎవరికీ కనిపించని చోట మొదలుపెట్టమంటారు: ట్యాంకు లోపలి పూత, పునాది కింది వరసలు, బాత్రూం వెనక గోడ. మొదటి నెల కూలిలోంచే సొంత తాపీ, తూకం గుండు, టేపు కొనుక్కోండి. ఆ తర్వాత రసమట్టం. మూల తిప్పేటప్పుడు ఒక పక్క మూడడుగులు, రెండో పక్క నాలుగడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య తాడు సరిగ్గా అయిదడుగులు వచ్చిందో లేదో చూడండి. వస్తే మూల సరిపోయినట్టే.

ఆషాఢంలోనూ మూఢంలోనూ శంకుస్థాపనలుండవు, వానల్లో పునాదులు తవ్వరు. నాట్లకూ కోతలకూ పొలం పనులుంటాయి కాబట్టి డెల్టాలో పూర్తిగా ఖాళీ ఉండదు. అయినా ఈ ఆటుపోట్లు తట్టుకోలేననుకునేవాళ్ళు ప్లంబింగ్ వైపు చూడాలి. కుళాయి కారడానికి ముహూర్తం లేదు. హెల్పరుగా చేరితే మొదటి నెలలన్నీ గోడకు గాడి కొట్టడంతోనే సరిపోతాయి. ఓపిక పట్టండి. సీపీవీసీ పైపును వంకర లేకుండా కోయడం, అంచు గీకడం, సొల్యూషన్ రాసి ఫిట్టింగులోకి తోసి కాసేపు కదలకుండా పట్టుకోవడం ఆ పక్కనే నేర్చుకుంటారు. మురుగు పైపుకు మీటరుకు రెండు సెంటీమీటర్ల దాకా వాలుండాలి. టైల్స్ అతికించకముందే లైన్లన్నిటిలో ఒత్తిడి మీద నీళ్ళు నింపి చూడాలి. ఆ తర్వాత కారితే టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది, మాట పడేది మీరే. చదువుకునే వీలుంటే ఐటీఐలో ప్లంబర్ ట్రేడు ఏడాది కోర్సు. పదో తరగతి మాత్రం ఎలాగైనా పూర్తి చేయండి. గల్ఫ్ వెళ్ళాలనుకున్న రోజు, పది పాసు కానివాళ్ళ పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి అదనంగా కావాలి; దళారి పట్టుకునేది అక్కడే.

ఒక్క విషయంలో ఎవరి మాటా వినొద్దు. వాడుకలో ఉన్న సెప్టిక్ ట్యాంకులోకి దిగకండి. "రెండు నిమిషాల పనే" అంటారు. ఆ వాయువులకు రెండు నిమిషాలు చాలు. పడిపోయినవాణ్ణి తీయడానికి దిగినవాడూ పోతాడు. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని అందులోకి దించడం 2013లో వచ్చిన చట్టం ప్రకారం నేరం. నల్లమట్టిలో లోతుగా తవ్విన గొయ్యి వాన పడ్డాక గట్టున నిలబడి చూసినా భయమే, దన్ను పెట్టకుండా దిగొద్దు. మేడ మీద ఇనుప చువ్వ ఎత్తేటప్పుడు కరెంటు తీగ ఎంత దూరంలో ఉందో ముందు చూడండి. పచ్చి సిమెంటు చర్మాన్ని తినేస్తుంది. స్లాబు రోజున బూట్లు, చేతి తొడుగులు కావాలని అడగడం నామోషీ కాదు.

ఇక కాగితం. చిన్న నోటుపుస్తకంలో తేదీ, ఎవరిల్లు, ఏ మేస్త్రీ, ఎంత ఇచ్చారు అన్నది ఏ రోజుకారోజు రాయండి. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేస్తే నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. లేబర్ ఆఫీసులో ఆ రోజులు చూపించడానికి ఈ పుస్తకం ఆధారమవుతుంది. పథకాలు మారుతుంటాయి, కార్డు మాత్రం రెన్యువల్ తప్పకుండా ఉంచుకోండి. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలు పోయే సురక్షా బీమా యోజనలో ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటికి 2 లక్షలు వస్తాయి. మన పనిలో ఇది లేనివాళ్ళు ఉండకూడదు. తాపీ పని వచ్చాక, 2023లో మొదలైన విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం, 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయి. ఆ జాబితాలో తాపీ మేస్త్రీలున్నారు, ప్లంబర్లు లేరు.

ఆడవాళ్ళ సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఇరవై ఏళ్ళు తట్ట మోసిన మనిషికి ఏ మాలు ఎంత పలచనుండాలో మేస్త్రీకన్నా బాగా తెలుసు. అయినా తాపీ చేతికివ్వరు, అదే పనికి కూలి తక్కువిస్తారు. సమాన పనికి సమాన కూలి 1976 నుంచీ చట్టంలో ఉన్న మాట. అక్కా, టైల్స్ సందులు పూడ్చడంతో, పాయింటింగ్‌తో మొదలుపెట్టండి. తాపీ అడగండి, రేపు కాకపోతే ఎల్లుండి మళ్ళీ అడగండి.

మగైనా ఆడైనా కూలి మాట ఎత్తాల్సిన రోజు ఒకటొస్తుంది. పదడుగుల గోడ మీరొక్కరే ఎత్తి, మేస్త్రీ వచ్చి తూకం గుండు వేసి, ఏమీ అనకుండా పక్కకు వెళ్ళిన రోజు అది. ఆ సాయంత్రం డబ్బులు లెక్కపెట్టే వేళకే చెప్పండి: "మేస్త్రీగారూ, సోమవారం నుంచి నాకు తాపీ కూలి ఇవ్వాలి."