ఏ లోహానికి ఏ నూనె

బాలాపూర్ అనగానే అందరికీ లడ్డూ వేలం గుర్తొస్తుంది. పక్కనే కంచన్‌బాగ్‌లో ప్రత్యేక లోహాలు తయారుచేసే మిధాని, ఇటు డీఆర్‌డీవో ల్యాబులు ఉన్నాయి కాబట్టి మా వాడల్లో లేత్ మాట కూడా బాగానే నలుగుతుంది. ఇంటి షెడ్డులో చిన్న మిషన్ పెట్టుకున్న పిల్లలు ‘ఏ కటింగ్ ఆయిల్ కొనాలి’ అని అడుగుతుంటారు. ముందు వంటింట్లో ఏముందో చూడమంటాను.

1. పోత ఇనుముకు ఏ నూనే వద్దు. అందులోని గ్రాఫైట్ చాలు. నూనె పోస్తే పొడి బురదై లేత్ బెడ్డును అరగదీస్తుంది. ఇత్తడినీ పొడిగానే కోయండి.

2. ఎం.ఎస్. (మైల్డ్ స్టీలు)లో చేత్తో ట్యాప్ వేసి మర కోయాలంటే ఆముదం. ఒకప్పుడు పాలమూరు, నల్లగొండ మెట్టచేలల్లో ఎటు చూసినా ఇదే పంట. చేతిపనిలో వేడి తక్కువ, ఒరిపిడి ఎక్కువ. పళ్లను వదలకుండా పట్టుకునే చిక్కని నూనె కావాలి. ఎం6 ట్యాప్‌కు 5 మిల్లీమీటర్ల రంధ్రం చేసి, పళ్లకు ఆముదం పట్టించి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పండి. వెనక్కి తిప్పేటప్పుడు చిప్ తెగిన ‘టక్’ హ్యాండిల్‌లో తెలుస్తుంది. తెలియకపోతే ఆగి, ట్యాప్ బయటికి తీసి తుడవండి.

3. మిషన్ వేగంగా తిరిగే పనికి ఆముదం దండగ. అక్కడ బాధంతా వేడితోనే. పనిముట్టు మీద నీళ్లు ధారగా పోస్తే కోత వేగం 40 శాతం దాకా పెంచవచ్చని అమెరికా ఇంజనీరు టేలర్ 1907లోనే రాశాడు. ఉత్త నీళ్లు తుప్పు పట్టిస్తాయి, అందుకే నీళ్లలో కలిసే సాల్యుబుల్ ఆయిల్. 20 పాళ్ల నీళ్లలో ఒక పాలు నూనె పోయాలి. నూనెలో నీళ్లు పోస్తే సరిగ్గా కలవదు. రోజుల తరబడి కదపకుండా ఉంచితే కుళ్లి కంపు కొడుతుంది.

4. అల్యూమినియం అయితే డ్రిల్ బిట్ గాడుల్లో అంటుకుపోతుంది. కిరోసిన్ బ్రష్‌తో కొద్దికొద్దిగా రాయండి, దగ్గర్లో గ్రైండర్ నిప్పురవ్వలు లేకుండా చూసుకుని.

5. కొబ్బరి నూనె కూడా పనికొస్తుంది, కానీ 24 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. డిసెంబరు పొద్దున సీసాలోంచి రాదు. పల్లి నూనె వాడితే సాయంత్రానికల్లా తుడిచేయండి, ఎండితే జిగురు.

6. మెకానిక్ ఊరికే ఇచ్చే కాలిన ఇంజిన్ ఆయిల్ వద్దే వద్దు. రోజూ చర్మానికి తగిలితే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు అందులో ఉంటాయి.

7. ప్రత్యేకంగా ట్యాపింగ్ ఆయిల్ కొనాల్సింది స్టెయిన్‌లెస్ స్టీలుకే. బిట్ కోయకుండా రుద్దుకుంటే చాలు, ఆ చోటు గట్టిపడిపోతుంది. గంధకం ఉన్న ట్యాపింగ్ ఆయిల్ చిన్న డబ్బా తెచ్చుకోండి. అది రాగికి మాత్రం తగలనివ్వకండి, నల్లబడుతుంది.