గీత వృత్తి: నేర్చుకునే మనుమడికి లేఖ



స్టేషన్ ఘన్‌పూర్ ప్రాంతంలో కల్లు గీత గౌడ కుటుంబాల వృత్తి. తాటి, ఈత చెట్ల నుంచి దిగే రసం తనంత తానే పులిసి కల్లవుతుంది. చెట్లు చాలావరకు రైతుల పొలంగట్ల మీద ఉంటాయి. ఎక్సైజ్ శాఖ లైసెన్సు ఉన్న సహకార సంఘానికో, విడిగా లైసెన్సు పొందిన కార్మికుడికో గీసే హక్కు ఉంటుంది. అందుకే కొడుక్కి అందే అసలు ఆస్తి చేతిపని.

ఈ మండలంలోని తాటికొండలో కోట కట్టిన సర్వాయి పాపన్న గీత కుటుంబంలో పుట్టినవాడే. ఖిలాషాపురం కేంద్రంగా మొగలు అధికారాన్ని ఎదిరించి, 1708లో వరంగల్‌పై దాడి చేశాడు. 1710లో హతుడయ్యాడు. తర్వాత నిజాం పాలనలో ఆబ్కారీ, అంటే కల్లు, సారా మీది పన్ను, ఖజానాకు పెద్ద రాబడి. గుత్తేదార్లు వేలం పాడుకునేవారు, గీసేవాడు వారి చేతికింద బతికేవాడు.

తాటిచెట్టు గీతకు రావడానికి పదిహేనేళ్లకు పైగా పడుతుంది. మగచెట్టు పోతుతాడు, ఆడచెట్టు పండుతాడు. రెంటికీ గీసేది గొలనే, అంటే పూగుత్తినే. ఈతకు మాత్రం మొవ్వు కింద మట్టలు తీసి మొద్దుకే గాటు పెడతారు. ఏటా వైపు మారుస్తారు కాబట్టి ముదురు ఈతచెట్టు వంకరటింకరగా కనిపిస్తుంది. మధ్యమధ్య విడుపు ఇవ్వకపోతే చెట్టు నీరసిస్తుంది.

నడుముకు మోకు అనే తాడు, కాళ్లకు గుజి అనే బందం, కత్తులు పెట్టుకోవడానికి ముస్తాదు: ఇవీ ఎక్కేవాడి సామగ్రి. గొలను కట్టి, కొన్నాళ్లు మెల్లగా నలిపి, కొస గీస్తే రసం చుక్కలుగా లొట్టి అనే కుండలోకి దిగుతుంది. ఆ తర్వాత పొద్దునా సాయంత్రమూ కొస నుంచి పలుచని పొర తీయాలి. పొర మందమైతే గొల తొందరగా అయిపోతుంది. ఒక పూట తప్పితే గాటు ఆరి ధార తగ్గుతుంది. పనితనమంతా ఈ కొలతలోనే ఉంది.

రసంలో చక్కెర సుమారు 10 నుంచి 15 శాతం. గాలిలోనూ పాత లొట్టిలోనూ ఉండే ఈస్టు దాన్ని ఆల్కహాల్‌గా మారుస్తుంది. లాక్టిక్ బ్యాక్టీరియా పులుపునిస్తుంది. కొన్ని గంటల్లో ఆల్కహాల్ 4, 5 శాతానికి చేరుతుంది. ఇంకా నిలవ ఉంటే ఎసిటిక్ బ్యాక్టీరియా దాన్ని వెనిగర్ చేస్తుంది. లొట్టి లోపల సున్నం పూస్తే పులియడం ఆగుతుంది. అలా దిగిన తీపి రసమే నీరా.

పోలికకు ద్రాక్ష వైన్ సంగతి చూడు. ఫ్రాన్స్‌లోని అల్సాస్ ప్రాంతంలో, రిక్విర్ అనే ఊళ్లో ఉగెల్ కుటుంబం 1639 నుంచి వైన్ చేస్తోంది. అక్కడా పని చేసేది ఈస్టే. అయితే ద్రాక్ష కోత ఏడాదికి ఒక్కసారి. పిండిన రసాన్ని వారాలపాటు పులియబెట్టి, తేర్చి, సీసాల్లో నింపుతారు. ఆల్కహాల్ ఎక్కువ, ద్రాక్షకు సొంత పులుపు ఉంది కనుక మంచి వైన్ ఏళ్లకేళ్లు నిలుస్తుంది. కల్లుకు ఆ అవకాశం లేదు. దింపిన రోజే అమ్ముడుపోవాలి, మర్నాడు మళ్లీ చెట్టెక్కాలి.

చెట్లు చాలనిచోట క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మందులతో కల్తీ కల్లు తయారవుతుంది. అది నేరం, ప్రాణాంతకం. చెట్టు మీద నుంచి పడే ప్రమాదమూ చిన్నది కాదు. 2024లో తెలంగాణ ప్రభుత్వం గీత కార్మికుల దేవుడి పేరిట కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కిట్టు ఉన్నా, ఎక్కేముందు మోకు పురి పరీక్షించాలి. వానకు తడిసిన మొద్దు ఎక్కకూడదు.

ఆశీస్సులతో,
తాత
స్టేషన్ ఘన్‌పూర్