ఎత్తైన కొండలకు మోటారు సైకిలు ప్రయాణము: ప్రయాణికులు తెలిసికొనవలసిన ఆరోగ్య విషయములు

సూరతు నగరము తాపీ నది యొడ్డున, సముద్రమట్టమునకు కొద్ది మీటర్ల ఎత్తున మాత్రమే ఉన్నది. వరంగల్లు, కరీంనగరు, నల్లగొండ మొదలగు ప్రాంతముల నుండి నేత పనికై వలస వచ్చిన తెలుగు కుటుంబములు పెక్కు ఈ నగరమున స్థిరపడినవి. లింబాయత్, ఉధనా పేటలలో తెలుగు మాట నిత్యము వినవచ్చును. మగ్గముల మ్రోత నడుమ ఏడాది పొడుగునా పనిచేయు యువకులు, సెలవు దొరకిన వెంటనే మిత్రులతో కలిసి కొండగాలి పీల్చవలెనని కోరుట సహజము. ఆ కోరిక తప్పు కాదు. అయితే కొండలన్నియు ఒక్క తీరున ఉండవను సంగతి ముందుగా గ్రహింపవలెను.

సూరతు వారికి చేరువనున్న కొండ విడిది డాంగ్ జిల్లాలోని సాపుతారా. ఇది నగరమునకు సుమారు 160 కిలోమీటర్ల దూరమున, ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున ఉన్నది. ఉదయము బయలుదేరి మధ్యాహ్నమునకు చేరవచ్చును. ఆ ఎత్తు వలన ఆరోగ్యవంతుని శరీరమునకు చెప్పదగిన బాధ కలుగదు. అచ్చటి అపాయమంతయు వర్షము, మంచు తెర, ఘాటు రోడ్డు మలుపులలోనే ఉన్నది.

లడఖ్ సంగతి వేరు. సూరతు నుండి లేహ్ పట్టణమునకు దూరము 2,000 కిలోమీటర్లకు పైగా ఉండును. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. దాని పైనున్న ఖర్దుంగ్ లా కనుమ ఎత్తు 5,359 మీటర్లు. లడఖ్ యాత్రను కేవలము సాపుతారా యాత్ర కంటె పొడవైన యాత్రగా తలచుటయే పలువురు చేయు పొరపాటు. అచ్చట దారి కంటె గాలి కఠినమైనది.

గాలి పలుచబడుట

గాలిలో ప్రాణవాయువు పాలు ఎచ్చటనైనను నూటికి 21 వంతులే. కాని పైకి పోవుకొలది గాలి ఒత్తిడి తగ్గును. సముద్రమట్టమున 760 మిల్లీమీటర్లుండు ఒత్తిడి లేహ్ నందు సుమారు 500 మిల్లీమీటర్లకు, ఖర్దుంగ్ లా వద్ద దాదాపు సగమునకు దిగును. అనగా సూరతులో ఒక ఊపిరితో అందిన ప్రాణవాయువు అచ్చట రెండు ఊపిరులకు గాని అందదు.

శరీరము ఈ లోటును తీర్చుకొనగలదు. ఊపిరి వేగమగును, మూత్రపిండములు రక్తములోని క్షారమును తగ్గించి ఆ వేగము నిలుచుటకు తోడ్పడును, క్రమముగా ఎఱ్ఱ కణములు పెరుగును. అయితే ఈ సర్దుబాటుకు కొన్ని దినములు పట్టును. డబ్బుతో గాని, బలముతో గాని, ధైర్యముతో గాని ఆ దినములను తగ్గింప సాధ్యము కాదు.

కండబలము కాపాడదు

పర్వత వ్యాధి క్రొత్తది కాదు. స్పెయిను దేశపు మతాచార్యుడు జోసే దె అకోస్తా పెరూ దేశపు కొండలు దాటుచు తాను పడిన వాంతులను, బాధను గూర్చి 1590లో ప్రకటించిన గ్రంథమున వ్రాసెను. మన దేశమున ఈ వ్యాధిని శ్రద్ధగా పరిశీలించినవారు సైనిక వైద్యులు. హిమాలయముల ఎత్తులకు శీఘ్రముగా చేర్పబడిన 1,925 మంది సైనికులలో కనిపించిన పర్వత వ్యాధిని గూర్చి ఇందర్ సింగ్, ఆయన సహచరులు 1969లో ఒక వ్యాసము ప్రకటించిరి. అది నేటికిని ప్రపంచ వైద్యులు పేర్కొను వ్యాసము. ఆ రోగులు దుర్బలులు కారు. కసరత్తు చేసిన సైనికులు. కావున “నేను బలవంతుడను, నాకేమియు కాదు” అను మాట కొండపై చెల్లదు.

లక్షణములు

ఎత్తు చేరిన ఆరు మొదలు పన్నెండు గంటలలో తలనొప్పి పుట్టును. దానితో వికారము, ఆకలి లేమి, అలసట, తల తిరుగుట, నిద్ర పట్టకుండుట కలుగవచ్చును. ఇది తొలి దశ. ఈ దశలో పైకి పోక, ఉన్న చోటనే విశ్రమించినచో చాలమందికి ఒకటి రెండు దినములలో నెమ్మదించును. విశ్రమించినను బాధ హెచ్చుచున్నచో క్రిందికి దిగవలెను.

వ్యాధి ముదిరినచో రెండు ఘోర రూపములు దాల్చును. మొదటిది ఊపిరితిత్తులలో నీరు చేరుట. కదలక కూర్చున్నను ఆయాసము, దగ్గు, నురుగుతో కూడిన కళ్లె, పెదవులు నీలబడుట దాని గుర్తులు. రెండవది మెదడు వాచుట. రోగి తూలును, పొంతన లేని మాటలాడును, మత్తుగా పడియుండును. అనుమానము కలిగినపుడు నేలపై ఒక గీత గీసి, ఒక పాదము మడమ రెండవ పాదము వ్రేళ్లకు తాకునట్లు నడువుమని చెప్పవలెను. తూలక నడువలేనిచో అది మెదడు వాపుగానే ఎంచవలెను. ఈ రెండును కొన్ని గంటలలోనే ప్రాణము తీయగలవు.

చికిత్స ఒక్కటే ముఖ్యము: వెంటనే క్రిందికి దింపుట. రాత్రియని, వర్షమని జాగు చేయరాదు. రోగిచే మోటారు సైకిలు నడిపింపరాదు. కారులోనో లారీలోనో కూర్చుండబెట్టి, తోడుగా ఒకరు పోవలెను. ప్రాణవాయువు దొరకినచో ఇయ్యవలెను గాని, దానిని చూచుకొని దిగుట మానరాదు. లేహ్ నందు సోనమ్ నోర్బూ స్మారక ఆస్పత్రి కలదు. వ్రేలికి తగిలించు ఆక్సీమీటరు అంకె చూచి ధైర్యపడుట గాని భయపడుట గాని సరికాదు. ఎత్తున ఆ అంకె అందరికిని తగ్గును. లక్షణములను బట్టియే నిర్ణయింపవలెను.

ఏ దారిన పోవలెను?

2020వ సంవత్సరము అక్టోబరు 3న అటల్ సొరంగము ప్రారంభమై, మనాలి నుండి లేహ్ పోవు దారి 46 కిలోమీటర్లు తగ్గినది. ప్రయాణము సులువైనది, కాని మనాలి (2,050 మీటర్లు) నుండి ఎత్తు లెక్కుట కూడ వేగమైనది. ఆ దారిలో జిస్పా సుమారు 3,200 మీటర్ల ఎత్తున, దాని తరువాతి మజిలీయైన సర్చూ సుమారు 4,290 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఒక్క దినమున వేయి మీటర్లకు పైగా ఎగబ్రాకి సర్చూలో నిద్రించినవారు పలువురు రాత్రి తలనొప్పితో బాధపడుదురు. ముందుకు పోయినను 5,000 మీటర్లు దాటిన కనుమలే. వెనుకకు రావలెనన్నను 4,890 మీటర్ల బారాలాచా లా దాటవలెను.

శ్రీనగరు దారి ఇంతకంటె సౌమ్యము. శ్రీనగరు సుమారు 1,600 మీటర్లు, కార్గిల్ సుమారు 2,700 మీటర్లు, ఆపై లేహ్. నడుమ కనుమలున్నను, పగలు దాటి తక్కువ ఎత్తున నిద్రింపవచ్చును. కావున శ్రీనగరు మీదుగా ఎక్కి, శరీరము అలవాటు పడిన పిమ్మట మనాలి మీదుగా దిగుట మేలు. 3,000 మీటర్లు దాటిన తరువాత నిద్రించు ఎత్తును రాత్రికి 500 మీటర్లకు మించి పెంచరాదని వైద్యుల నియమము. లేహ్ చేరినవారు కనీసము రెండు దినములు ఊరిలోనే విశ్రమించి, ఆ తరువాతనే ఖర్దుంగ్ లా వైపు పోవలెను.

సెలవు లెక్క

చాలమంది ప్రమాదమున పడుట ధైర్యము చాలక కాదు, సెలవు చాలక. శ్రీనగరునకు ఐదు దినములు, అచ్చటి నుండి లేహ్ నకు రెండు, విశ్రాంతికి రెండు, చుట్టుప్రక్కల చూచుటకు మూడు, మనాలికి రెండు, తిరిగి సూరతునకు ఐదు: మొత్తము 19 దినములు కావలెను. పండ్రెండు దినముల సెలవు మాత్రమే ఉన్నవాడు మొట్టమొదట విశ్రాంతి దినములను కొట్టివేయును. ప్రాణమును కాపాడునవి ఆ రెండు దినములే!

సెలవు తక్కువైనచో వేరు ఉపాయములు కలవు. మోటారు సైకిళ్లను రైలులో పార్సిలుగా పంపి, మైదానపు దారిని రైలులోనే గడపవచ్చును. లేదా మనాలి వరకే పోయి తృప్తిగా తిరిగి రావచ్చును. దీపావళికి సూరతు బట్టల బజారులు మూతపడి దీర్ఘమైన సెలవు దొరకును గాని, అప్పటికి ఎత్తైన కనుమలపై మంచు పడసాగును. లడఖ్ యాత్రకు జూను మొదలు సెప్టెంబరు వరకు తగిన కాలము.

బయలుదేరుటకు ముందు

గుండె జబ్బు, ఉబ్బసము, విడువని దగ్గు, రక్తహీనత ఉన్నవారు వైద్యుని అనుమతి లేక పోరాదు. దక్షిణ గుజరాతులోని గిరిజనులలోను, ఆదిలాబాదు గిరిజనులలోను సికిల్ సెల్ లక్షణము కొందరికి వంశపారంపర్యముగా ఉండును. మైదానమున ఏ బాధయు లేనివారికి కూడ ఎత్తున ప్లీహమునకు రక్తము అందక, ఎడమ ప్రక్క డొక్కలో తీవ్రమైన నొప్పి రావచ్చును. కావున ఆ కుటుంబముల వారు ముందుగా రక్తపరీక్ష చేయించుకొనవలెను.

ఎసిటజోలమైడ్ అను మాత్ర శరీరపు సర్దుబాటును త్వరపెట్టును. సాధారణముగా 125 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండు సార్లు, ఎక్కుటకు ముందు దినము నుండి ఇత్తురు. సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. స్వంతముగా కొని మ్రింగరాదు. మద్యము, నిద్రమాత్రలు ఊపిరిని మందగింపజేయును గనుక కొండపై వానిని పూర్తిగా మానవలెను. మూసిన గదిలో, గుడారములో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము.

దారిలో జాగ్రత్తలు

కొండ చేరక ముందే రోడ్డు ప్రాణము తీయవచ్చును. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో హెల్మెట్ ధరింపక మరణించినవారు 50,029 మంది. వీరిలో 14,337 మంది వెనుక కూర్చున్నవారు. కావున ఇద్దరును ఐ.ఎస్.ఐ. గుర్తుగల హెల్మెట్ ధరించి, పట్టీ బిగింపవలెను. పట్టీ బిగింపని హెల్మెట్ పడినపుడు తలపై నిలువదు. రెండు గంటల కొకసారి దిగి కాళ్లు చాచుకొనవలెను. రాత్రి నడుపరాదు. తడిసిన బట్టలతో చలిగాలిలో పోయినచో వణుకు పుట్టి, వ్రేళ్లు బ్రేకు పట్టుకొనలేని స్థితి వచ్చును. వెంటనే ఆగి పొడి బట్టలు కట్టుకొనవలెను. దారిలో ఎవరైనను గాయపడి కనిపించినచో 112కు గాని 108కి గాని ఫోను చేయవలెను. క్షతగాత్రునికి సాయపడినవారిని చట్టము రక్షించును. 2019 నాటి మోటారు వాహన చట్ట సవరణ ఆ రక్షణను స్పష్టము చేసినది.

మిత్రుల ధర్మము

నలుగురు కలిసి పోవునపుడు అందరిలో చిన్నవాడు తలనొప్పిని దాచును. “అన్నా, నా వలన అందరును ఆగవలసి వచ్చునేమో” యని సంకోచించును, నవ్వుదురేమోయని జంకును. ఆ మౌనమే ఆతని కపాయము. అందుచేత బయలుదేరక ముందే ఒక ఒప్పందము చేసికొనవలెను: తలనొప్పి యని ఎవ్వరు చెప్పినను ఆ దినము ఎవ్వరును పైకి పోరాదు, దిగవలసి వచ్చినచో రోగితో ఒకరు తప్పక దిగవలెను, ఎవ్వరును పరిహసింపరాదు. ప్రతి ఉదయము, ప్రతి రాత్రి పెద్దవాడు ఒక్కొక్కరిని తలనొప్పి ఉన్నదా, అన్నము తింటివా, నిద్ర పట్టినదా అని అడుగవలెను.

జ్ఞప్తియందుంచుకొనదగినవి

1. ఎత్తున తలనొప్పి వచ్చినచో, వేరు కారణము తేలు వరకు అది పర్వత వ్యాధియే.
2. లక్షణములుండగా పైకి పోరాదు.
3. బాధ హెచ్చినచో వెంటనే దిగవలెను.
4. రోగిని ఒంటరిగా విడువరాదు.
5. విశ్రాంతి దినములను సెలవు లెక్కలో ముందుగా వ్రాసికొనవలెను.

కనుమ ఈ యేడు కాకున్న మరుయేడును అచ్చటనే ఉండును. నలుగురు బయలుదేరి నలుగురును ఇల్లు చేరినదే సఫలమైన యాత్ర.