పక్షవాతం వచ్చిన పెద్దవారికి ఆసుపత్రిలో అందవలసిన సేవలు

పక్షవాతాన్ని యునాని వైద్యంలో ‘ఫాలిజ్’ అంటారు. మూతి ఒక్కటే వంకరపోతే అది ‘లఖ్వా’. బల్గం, అంటే కఫం మితిమీరి నరాల దారులను అడ్డగించడం వల్ల ఫాలిజ్ వస్తుందని ప్రాచీన హకీములు రాశారు. మెదడుకు వెళ్లే రక్తనాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లినా పక్షవాతం వస్తుందని నేటి వైద్యం చెబుతోంది. రెండింటి లక్షణాలూ పైకి ఒక్కలాగే ఉంటాయి. ఏది జరిగిందో నాడి పట్టుకుని చెప్పలేం, సి.టి. స్కాన్ తీయవలసిందే. అందుకే స్కాన్ కాకముందు ఇంట్లో ఆస్పిరిన్ మాత్ర వేయకూడదు.

ఎనభై ఏళ్ల అవ్వకో తాతకో పక్షవాతం వస్తే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒకటుంది: ‘ఈ వయసులో ఆసుపత్రి ఎందుకు? ఏదైనా మంచి తైలం రాద్దాం.’ ఈ మాట వల్ల విలువైన గంటలు పోతాయి. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఒకప్పుడు 80 ఏళ్లు దాటినవారికి దీన్ని ఇవ్వడానికి వైద్యులే వెనుకాడేవారు. 2012లో ఫలితాలు వెలువడిన ఒక అంతర్జాతీయ పరీక్షలో 3,035 మంది రోగులు పాల్గొన్నారు. వారిలో సగానికి పైగా 80 ఏళ్లు దాటినవారే. చిన్నవారికి కలిగినంత మేలు వారికీ కలిగింది. అందరికీ ఈ ఇంజెక్షన్ పనికిరాదు. అయితే వయసు ఒక్కటే కారణంగా చూపి ‘వద్దు’ అంటే, మరో కారణం ఏమైనా ఉందా అని మీరు మర్యాదగా అడగవచ్చు.

ఇంజెక్షన్ సమయం దాటిపోయినా ఆసుపత్రి పని అయిపోలేదు. డెన్మార్క్‌లో దేశమంతటి పక్షవాత రోగుల వివరాలను పరిశీలించి 2008లో ఫలితాలు ప్రకటించారు. చేరగానే పక్షవాతపు ప్రత్యేక వార్డులో ఉంచడం, వెంటనే స్కాన్ తీయడం, సకాలంలో మందు మొదలుపెట్టడం, ఫిజియోథెరపిస్టు చూడటం, ఆహారం సంగతి గమనించడం వంటి మామూలు పనులనే లెక్కవేశారు. వీటిలో ఎన్ని ఎక్కువ జరిగితే మరణాలు అంత తక్కువగా కనిపించాయి. వృద్ధులకు ఈ సేవలు చిన్నవారికంటే కొంచెం తక్కువగా అందుతున్నాయని కూడా తేలింది. వృద్ధుల మరణాలు ఎక్కువగా ఉండటానికి ఈ తేడా ఒక్కటే కారణం కాదు గానీ, సరిదిద్దుకోగలిగింది మాత్రం ఇదే.

ఇప్పుడు చెప్పే విషయం యునానిని నమ్మే కుటుంబాలు తప్పక తెలుసుకోవాలి. ఫాలిజ్ వచ్చిన మొదటి రోజుల్లో ‘మావుల్ అసల్’ ఇవ్వాలని మన గ్రంథాల్లో ఉంది. తేనెను నీళ్లలో కలిపి కాచి, నురుగు తీసిన పానీయం అది. కాని పక్షవాతంలో గొంతు కండరాలు కూడా పడిపోవచ్చు. అప్పుడు నోట్లో పోసింది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. వృద్ధులను తరచుగా బలిగొనేది ఇదే. కనుక మింగగలరో లేదో ఆసుపత్రిలో పరీక్షించేదాకా తేనెనీళ్లు, పాలు, మాత్ర ఏదీ నోట్లో పోయకండి. ఈ మాట కొందరు హకీములకు రుచించకపోవచ్చు. పాత గ్రంథాల మీద గౌరవంతోనే చెబుతున్నాను.

ఆస్ట్రేలియాలో 19 వార్డులలో జరిగిన ఒక పరీక్ష ఫలితాలు 2011లో వచ్చాయి. జ్వరం, రక్తంలో చక్కెర, మింగే శక్తి ఈ మూడింటినీ నర్సులు ఒక పద్ధతి ప్రకారం కనిపెట్టి ఉన్నచోట, 90 రోజుల తర్వాత మరణించినవారు, పరులపై ఆధారపడినవారు కలిపి 42 శాతం. మామూలు వార్డులలో 58 శాతం. ఖరీదైన యంత్రం ఒక్కటీ అదనంగా లేదు! మీ పెద్దవారి పక్కన కూర్చున్నప్పుడు ఈ మూడింటి గురించీ నర్సును అడగండి.

ఇంకొక మాట. హోసూరు, బళ్లారి, షోలాపూర్, బరంపురం వంటిచోట్ల మన పెద్దవారిలో కొందరికి ఇంటి తెలుగు తప్ప మరో భాష పట్టుబడదు. డాక్టరు తమిళంలోనో కన్నడంలోనో అడిగినప్పుడు వారు మౌనంగా ఉంటే, మాట పడిపోయిందనో మతి చెదిరిందనో అనుకునే ప్రమాదముంది. మాట పరీక్ష జరిగేటప్పుడు తెలుగు తెలిసిన మనిషి ఒకరు పక్కన ఉండాలి. అవ్వ ఇంతకుముందు ఎలా మాట్లాడేదో, ఎలా నడిచేదో కూడా చెప్పాలి.

గండం గడిచాక యునానికి చోటుంది. ‘దల్క్’ అనే మర్దన, ‘రియాజత్’ అనే వ్యాయామం బిగిసిన కీళ్లకు హాయినిస్తాయి. రోగన్ సుర్ఖ్, రోగన్ ఖుస్త్ వంటి తైలాలు వాడతారు. మర్దనకు ముందు రెండు పిక్కలూ పోల్చి చూడండి. ఒకటి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే లోపల గడ్డ కట్టి ఉండవచ్చు. ఆ కాలును రుద్దకుండా డాక్టరుకు చూపించండి. పడిపోయిన చేయి పట్టుకుని పైకి లాగకండి, భుజం జారుతుంది. మంచంలోనే ఉన్నవారిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. డాక్టరు రాసిన బి.పి. మాత్రలు, రక్తాన్ని పలుచన చేసే మాత్రలు మానకండి. వాటితోపాటు లోపలికి తీసుకునే యునాని మందు ఏది మొదలుపెట్టినా ఇద్దరు వైద్యులకూ తెలియజేయండి.