పులి అడుగు కొలిచే కొలువు

ములుగు అనగానే మేడారం వైపు చూడనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి సిద్దిపేట వెళ్లే రాజీవ్ రహదారి మీదా ఓ ములుగు ఉంది. రాష్ట్ర అటవీ కళాశాల, పరిశోధన సంస్థ ఉన్నది ఇక్కడే. తమిళనాడులోని మేట్టుపాళయం కళాశాల నమూనాలో 2016లో దూలపల్లిలో మొదలై, 2019 డిసెంబరులో ఈ ప్రాంగణానికి చేరింది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఫారెస్ట్రీతో పాటు పీజీ కూడా చదవొచ్చు.

ఎంబీబీఎస్ సీటు రాలేదని దిగాలుపడే బైపీసీ విద్యార్థికి ఈ దారి గురించి చెప్పేవాళ్లు తక్కువ. చెప్పినా ‘చెట్లు నాటే చదువా?’ అని పెద్దలు పెదవి విరుస్తారు. నాటడం ఇందులో కొంతే. నాటినవాటిలో ఎన్ని బతికాయి, దుప్పులు పెరుగుతున్నాయా, పులికి తిండి చాలుతోందా? ఇవి లెక్కగట్టేవాళ్లు లేకుంటే అడవి ప్రణాళికలన్నీ గాలిమేడలే.

నాలుగేళ్లకోసారి జరిగే పులుల గణననే చూడండి. కవ్వాల్ పులుల అభయారణ్యంలోనైనా, అమ్రాబాద్‌లోనైనా పద్ధతి ఒకటే. ముందు పులి, చిరుత అడుగులు వెతుకుతూ నడుస్తారు. తర్వాత ట్రాన్సెక్ట్ అనే రెండు కిలోమీటర్ల తిన్నని గీత వెంట పొద్దున్నే నడిచి, కంటబడిన దుప్పి, కణుజు, అడవిపందిని దూరం, దిశతో సహా రాసుకుంటారు. ఆ గీత మీదే ప్రతి 400 మీటర్లకు ఆగి చెట్లు, పొదలు, గడ్డి నమోదు చేస్తారు. కెమెరా ట్రాపుల ఫొటోల్లో చారలు పోల్చి ఏ పులి ఏదో తేలుస్తారు. 2022 గణనలో దేశం మొత్తానికి తేలిన సగటు అంచనా 3,682 పులులు. ఆ అంకె పత్రికల్లో పతాక శీర్షికవుతుంది గానీ, అటవీ అధికారికి అసలు పనికొచ్చేది బీట్ల (అడవిలోని చిన్న విభాగాల) వారీ లెక్క. ఎక్కడ గడ్డి పెంచాలో, ఎక్కడ జంతువులు తాగే నీటికి సాసర్ పిట్లు పెట్టాలో, ఎక్కడ పశువుల మేత ఆపాలో దాన్నిబట్టే తేల్చుకోవాలి.

ఉద్యోగాలకు యూపీఎస్సీ నిర్వహించే ఐఎఫ్‌ఎస్ (భారత అటవీ సర్వీసు), రాష్ట్ర సర్వీసులో రేంజ్ ఆఫీసర్ పోస్టులు ఉన్నాయి. పరిశోధన ఇష్టమైతే దేశ జంతు, వృక్ష సర్వే సంస్థల కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. అక్కడే సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాలలో వన్యప్రాణుల డీఎన్‌ఏ మీద పని జరుగుతుంది. పై చదువుకు డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ, బెంగళూరు ఎన్‌సీబీఎస్ మేటి.

ఒక్క మాట దాచకూడదు. పరిశోధనలో మొదటి కొలువు చాలావరకు ప్రాజెక్టుదే. నెట్ లేదా గేట్ అర్హత ఉన్న జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో)కు కేంద్ర నిబంధనల ప్రకారం 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, అదనంగా ఇంటి అద్దె. ప్రాజెక్టు ముగిస్తే ఆ జీతమూ ఆగుతుంది. అందుకే డిగ్రీలో ఉండగానే గణాంకాలకు ఆర్, పటాలకు క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లు నేర్చుకోవాలి. రెండూ ఉచితమే. అడవిలో నడవగలవాళ్లు చాలామంది దొరుకుతారు. తెచ్చిన లెక్కను పటంగా, పట్టికగా మార్చగలవాళ్లకే గిరాకీ.

లెక్కించే అలవాటు ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఏటా జనవరిలో ఆసియా నీటిపక్షుల గణన జరుగుతుంది. అందులో ఔత్సాహికులూ పాల్గొనవచ్చు. సిద్దిపేట విద్యార్థులైతే ఈలోగా ఊళ్లోని కోమటి చెరువు గట్టున పక్షుల్ని లెక్కించి, పక్షుల వివరాలు నమోదు చేసే ఈబర్డ్ వేదికలో రాయడం మొదలుపెట్టవచ్చు.