పాత రూపం సరే, బ్రేకు పడుతుందా?

సైకిల్ రిమ్ములు, టైర్లు, బ్రేకు లీవర్లు: చేయవలసినవి - చేయకూడనివి

నల్ల రంగు, బంగారు గీతలు, పొడవాటి మడ్‌గార్డులు, తోలు సీటు, హ్యాండిల్ కింద తళతళలాడే బ్రేకు కడ్డీలు. పెద్ద సైకిలు మీద మళ్ళీ మోజు పుట్టింది. గొడ్ల చావిట్లో దుమ్ము పట్టిన తాతగారి హెర్క్యులిస్‌నో అట్లాస్‌నో బయటికి లాగి కొత్తగా కట్టించుకునేవాళ్ళు కొందరు, కొత్త ఫ్రేముకు పాత రూపం తెచ్చుకునేవాళ్ళు ఇంకొందరు. ఇద్దరూ రంగు గురించి రోజుల తరబడి ఆలోచిస్తారు. చక్రాల సంగతి మాత్రం షాపు ముందు నిలబడి టీ తాగే లోపల తేల్చేస్తారు.

చదునైన ఊళ్ళలో ఇది చెల్లిపోవచ్చు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ మిట్ట మీది ఊళ్ళు. మదనపల్లె సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఊరు దాటగానే రోడ్డు ఎక్కడమో దిగడమో తప్ప సమంగా సాగేది తక్కువ. పైగా నైరుతి వానలూ మనకే, ఈశాన్య వానలూ మనకే. తడిసిన చక్రంతో దిగుడు రోడ్డు మీద ఉండటం ఇక్కడ అరుదైన సంగతి కాదు. అందుకని ముందు బ్రేకు రకం తేల్చుకోవాలి. బ్రేకును బట్టి రిమ్ము, రిమ్మును బట్టి టైరు. చాలామంది టైరు అందం చూసి మొదలుపెట్టి, చివరికి దొరికిన బ్రేకు తగిలిస్తారు.

బ్రేకు, రిమ్ము ఒక జత

కడ్డీ బ్రేకులో రబ్బర్లు రిమ్ము లోపలి ముఖానికి, అంటే పుల్లలు దిగే వైపుకు, నొక్కుకుంటాయి. ఆ రబ్బరు ఆనడానికి పుల్లల వరుసకు అటూ ఇటూ గుండ్రంగా వంపు తిరిగిన అంచులుంటాయి. పాతకాలపు వెస్ట్‌వుడ్ రిమ్ము అదే. వైరుతో పనిచేసే క్యాలిపర్ బ్రేకు అలా కాదు, రిమ్మును రెండు పక్కల నుంచీ పట్టుకుంటుంది. దానికి పక్కలు చదునుగా ఉన్న రిమ్ము కావాలి.

చేయవలసింది: షాపుకు వెళ్ళేటప్పుడు పాత చక్రం చేత పట్టుకుని వెళ్ళండి. కొత్త రిమ్మును పక్కన పెట్టి, బ్రేకు రబ్బరు ఏ ముఖం మీద ఆనుతుందో వేలితో తడిమి చూడండి.

చేయకూడనిది: వెస్ట్‌వుడ్ రిమ్ముకు క్యాలిపర్ బిగించకండి. పక్కల వంపు మీద రబ్బరు సగమే ఆనుతుంది, గట్టిగా పట్టినప్పుడు జారి టైరును కోసేస్తుంది. చదును రిమ్ముకు కడ్డీ బ్రేకూ అంతే, ఆనడానికి చోటుండదు.

కడ్డీ బ్రేకు తీసి క్యాలిపర్ పెట్టాలనుకుంటే ఫోర్కు తలలో, వెనక అడ్డ కడ్డీలో దాని బోల్టుకు రంధ్రం ఉందో లేదో చూడండి. చాలా పాత ఫ్రేములకు ఉండదు. “డ్రిల్లు కొట్టేద్దాంలే అన్నా” అంటే ఒప్పుకోకండి. మనిషి బరువంతా మోసే చోట లోహాన్ని తొలిచేస్తే ఆ ఫోర్కు ఏ గుంతలో లొంగిపోతుందో ఎవరూ చెప్పలేరు. రంధ్రం ఉన్న ఫోర్కు వేరే కొనుక్కోవడమే మేలు.

మెరిసే స్టీలు, తడిసిన స్టీలు

క్రోమ్ పూత వేసిన స్టీలు రిమ్ము లేనిదే పెద్ద సైకిలుకు ఆ కళ రాదు, నిజమే. పొడిగా ఉన్నంతసేపు బ్రేకు బాగానే పడుతుంది. తడిస్తే మాత్రం నున్నటి క్రోమ్ మీద నీటి పొర నిలిచిపోయి రబ్బరు జారుతుంది. ఆగడానికి పట్టే దూరం కొన్ని రెట్లు పెరుగుతుంది. అల్యూమినియం రిమ్ము మీద కూడా తడికి పట్టు తగ్గుతుంది గానీ ఇంత ఘోరంగా కాదు. ఇంగ్లండు కూడా వానల దేశమే కదా, అక్కడ స్టీలు రిమ్ముల కోసం తోలు అతికించిన బ్రేకు రబ్బర్లు అమ్మేవాళ్ళు.

నమ్మకం కుదరకపోతే మీ బండి మీదే చూడండి. స్టాండు వేసి వెనక చక్రాన్ని పైకి లేపండి. పెడలు చేత్తో తిప్పి, వేగం వచ్చాక లీవరు నొక్కండి. తర్వాత అర చెంబు నీళ్ళు రిమ్ము చుట్టూ పోసి మళ్ళీ అదే పని చేయండి. రెండోసారి రబ్బరు ముందు కూతపెట్టి, నీళ్ళు తుడుచుకుపోయాకే పట్టుకుంటుంది. ఆ ఆలస్యం స్టాండు మీద క్షణమే అనిపిస్తుంది. రోడ్డు మీద ఆ క్షణంలో ఎదురుగా వచ్చే టమోటా లారీ మీ కోసం ఆగదు.

రోజూ తొక్కే బండికి నా ఓటు అల్యూమినియం రిమ్ముకే. దాన్ని పాలిష్ పట్టిస్తే పది అడుగుల దూరం నుంచి తేడా తెలియదు. వెనక క్యారేజీ మీద పాల క్యాన్లో క్రేట్లో మోసేవాళ్ళకు 40 పుల్లల స్టీలు చక్రం బలం కావాలి. వాళ్ళు వెనక స్టీలు ఉంచుకుని, ముందు చక్రానికి మాత్రం అల్యూమినియం రిమ్ము, క్యాలిపర్ పెట్టుకోవచ్చు. బ్రేకు వేయగానే బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే.

రిమ్ము మార్చేటప్పుడు రంధ్రాలు లెక్కపెట్టండి. మన పాత సైకిళ్ళకు ముందు 32, వెనక 40 పుల్లలు. అల్యూమినియం రిమ్ములు ఎక్కువగా 36 రంధ్రాలతో వస్తాయి. 40 రంధ్రాల హబ్బుకు 36 రంధ్రాల రిమ్ము కట్టి, మిగిలిన నాలుగూ వదిలేద్దామనే మాటకు తల ఊపకండి. పుల్లల మీద లాగుడు సమంగా పడదు, చక్రం మాటిమాటికీ బెండు వస్తుంది, పుల్లలు ఒకదాని వెంట ఒకటి తెగుతాయి. రిమ్ముతో పాటు హబ్బూ మార్చాల్సిందే. ఆ కొత్త హబ్బు వెడల్పు ఎక్కువైతే ఫ్రేము కాళ్ళను లాగి వెడల్పు చేయించకండి.

పాత రిమ్మే వాడుకుంటామంటే వాల్వు రంధ్రం దగ్గర, పుల్లల తలల దగ్గర తుప్పు చూడండి. పైన క్రోమ్ నిగనిగలాడుతూ లోపల రేకు తినేసి ఉండటం మామూలే. టైరు, రిమ్ము టేపు విప్పి చూడకుండా పైపైన చూసి కొనకండి.

అంగుళాల మాయ

టైరు సైజు దగ్గర అనుభవం ఉన్నవాళ్ళూ బోల్తా పడతారు. పెద్ద సైకిలు టైరు 28 × 1½. కొత్త హైబ్రిడ్ సైకిలు టైరు 700సి. దాన్ని కూడా 28 అంగుళాలనే పిలుస్తారు. ఈ రెండూ ఒకటి కావు. టైరు గోడ మీద చిన్న అక్షరాల్లో 40-635, 38-622 లాంటి జంట అంకెలుంటాయి. మొదటిది టైరు వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు అంచు కూర్చునే చోటి వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పెద్ద సైకిలుకు 635, 700సికి 622. విచిత్రమేమిటంటే 29 అంగుళాలని అమ్మే మౌంటెన్ బైకు టైరు కూడా 622 మీదే కూర్చుంటుంది. అంటే పేరులో 29 ఉన్నదాని రిమ్ము, 28 అని పేరున్నదాని కంటే చిన్నది! 26 అంగుళాల్లో గందరగోళం ఇంకా ఎక్కువ: 26 × 1⅜ అయితే 590, 26 × 1½ అయితే 584, మౌంటెన్ బైకుదైతే 559.

చేయవలసింది: ఆ రెండో అంకె రిమ్ముకూ టైరుకూ ఒకటేనా అని చూసే కొనండి.

చేయకూడనిది: 622 టైరును 635 రిమ్ముకు టైరు లీవర్లతో పొడిచి ఎక్కించకండి. ఎక్కినా తీగ అంచు దెబ్బతింటుంది. 635 టైరును 622 రిమ్ముకు వేస్తే గాలి నిండగానే ఊడి ట్యూబు పేలుతుంది.

రిమ్ము 635 నుంచి 622కు మారితే బ్రేకు రబ్బరు ఆరున్నర మిల్లీమీటర్లు కిందికి దిగాలి. క్యాలిపర్ చేయి పొడవు అందుకు సరిపోతే సరే. 559కి మారితే ఆ తేడా 38 మిల్లీమీటర్లు, ఏ సర్దుబాటూ దాన్ని అందుకోలేదు.

గాలి విషయంలో టైరు గోడ మీద రాసిన పీఎస్ఐ దాటకండి. పాత స్టీలు రిమ్ము గోడలు నిలువుగా ఉంటాయి. టైరు అంచును పట్టి ఉంచే మడత వాటికి ఉండదు. ఎక్కువ గాలి తట్టుకునే సన్న టైరు తెచ్చి ఆ రిమ్ముకు బిగించి గట్టిగా కొడితే టైరు బయటికి తన్నుకొస్తుంది. మన రోడ్లకు సన్న టైరుతో పనేమిటి? పొలాల గట్ల దారిలో కంప ముళ్ళు, క్వారీల వైపు కంకర, సీజన్లో మదనపల్లె మార్కెట్ బయట చితికిన టమోటాల జారుడు. 38, 40 మిల్లీమీటర్ల వెడల్పు తగ్గకూడదు. అలాగని మడ్‌గార్డుకు రాసుకునే లావుదీ వద్దు. చుట్టూ చిటికెన వేలు దూరే సందు లేకపోతే, ఇరుక్కున్న ఒక్క రాయి చక్రాన్ని పట్టేస్తుంది. క్రీమ్ రంగు టైరు ముచ్చటగానే ఉంటుంది, వేసుకోండి. పాత సరుకైతే మాత్రం గోడను వేళ్ళతో వంచి చూడండి. సన్నటి పగుళ్ళు విచ్చుకుంటే అక్కడే వదిలేసి రండి.

లీవరు చేతిలో, శక్తి లెక్కలో

లీవరు నొక్కినప్పుడు వైరును ఎంత దూరం లాగుతుందన్నది అన్నిటికీ ఒకటి కాదు. క్యాలిపర్ బ్రేకుకు తక్కువ లాగే లీవరు కావాలి, పొడవాటి చేతులుండే వి-బ్రేకుకు దాదాపు రెట్టింపు లాగేది కావాలి. వి-బ్రేకు లీవరును క్యాలిపర్‌కు తగిలిస్తే చేతికి గట్టిగా, భరోసాగా అనిపిస్తుంది కానీ బండి ఆగదు. తిరగేసి పెడితే లీవరు హ్యాండిల్‌కు తగిలినా రబ్బరు రిమ్మును సరిగా అందుకోదు. మొదటిది మరీ మోసకారిది, షాపులో నొక్కి చూస్తే అదే మంచిదనిపిస్తుంది.

మామూలు సైకిలు హ్యాండిల్ గొట్టం లావు 22.2 మిల్లీమీటర్లు. వంపు హ్యాండిల్ రేసు సైకిలుకు 23.8. పట్టీ సరిపోని లీవరు కింద రేకు ముక్క పెట్టి బిగించకండి. ప్లాస్టిక్ లీవరు అసలే వద్దు. వైరు తెగడం మొదలయ్యేది లీవరులో దాని తల కూర్చునే చోట. అక్కడ ఒక్క పోగు విడిపోయి కనిపించినా వైరు మార్చేయండి. మోటారుసైకిలుకు లాగే ముందు బ్రేకు కుడి చేతికే ఉంచండి, ఇంట్లో నలుగురు తొక్కే బండైతే తప్పకుండా.

కడ్డీ బ్రేకే ఉంచుకునేవాళ్ళు కీళ్ళ మీద కన్నేయాలి. లీవరు నుంచి చక్రం దాకా కడ్డీలను కలిపే చిన్న చిన్న నట్లున్నాయి చూడండి, వాటిలో ఒక్కటి వదులైతే కడ్డీ దాని లోపలే జారిపోతుంది, బ్రేకు పూర్తిగా పోతుంది. నట్టు పక్కన కడ్డీ మీద పెయింటుతో సన్నటి గీత గీయించండి. జారితే గీత చెబుతుంది.

రబ్బరు కూర్చునే ఇనుప గూడుకు ఒక కొన మూసి, ఒక కొన తెరిచి ఉంటుంది. రబ్బరు దగ్గర రిమ్ము ఏ దిక్కుకు కదులుతుందో మూసిన కొన ఆ దిక్కున ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టి బ్రేకు వేసిన రోజు రబ్బరు జారి రోడ్డు మీద పడుతుంది. మెకానిక్కు చేయి తిరిగినవాడే అయినా ఇది మీ కళ్ళతో మీరు చూసుకోండి.

దిగేటప్పుడు

హార్స్‌లీ హిల్స్ 1,200 మీటర్లకు పైగా ఎత్తు. సుమారు 20 కిలోల పెద్ద సైకిలును కడ్డీ బ్రేకుతో ఆ మలుపుల్లో దించకండి. నడిపించుకుంటూ రండి, చిన్నతనమేమీ కాదు. మంచి క్యాలిపర్లతో దిగేవాళ్ళు కూడా బ్రేకు పట్టే ఉంచకండి. పట్టి, వదిలి, పట్టి దిగండి, మధ్యలో ఆగి రిమ్ము చల్లారనివ్వండి. వేడికి ట్యూబు పేలుతుంది. ముందు బ్రేకు వేస్తే బోర్లా పడతామని దాన్ని ముట్టుకోనివాళ్ళున్నారు. ఒక్కసారిగా గుంజితే పడతాం, నిజమే. రెండూ కలిపి మెల్లగా బిగిస్తూ పోతే పడం. వానలో మలుపుకు చాలా ముందే ఒకసారి తేలిగ్గా పట్టి రిమ్ము మీది నీటిని తుడిచేయండి.

కుప్పం, పలమనేరు మధ్య కౌండిన్య అడవి పక్క రోడ్లలో పొద్దుగూకాక సైకిలు మీద తిరగకండి. ఏనుగు ముందు ఏ బ్రేకైనా ఒకటే.

కొత్తగా కట్టిన చక్రం మొదటి యాభై, వంద కిలోమీటర్లలో సర్దుకుంటుంది. అప్పుడు మళ్ళీ షాపుకు తీసుకెళ్ళి బెండు తీయించండి. అంతకంటే ముందు ఇంట్లోనే పుల్లలను ఒక్కొక్కటిగా వేలితో మీటండి. ముందు చక్రంలో అన్నీ ఇంచుమించు ఒకే శ్రుతిలో పలకాలి. వెనక చక్రంలో గొలుసు వైపువి బిగువుగా, రెండో వైపువి కాస్త వదులుగా ఉండవచ్చు, అది తప్పు కాదు. ఒకే వైపు పుల్లల్లో ఏదైనా మొద్దుగా మోగితే దానికి సుద్దముక్కతో గుర్తు పెట్టి మెకానిక్కుకు చూపించండి.